డబ్బు ఆపితే దెబ్బ ఎవరికి?

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సూరీ,

ఏటిరా, కొత్త సీటు ఎలా ఉంది? నీకు విజయనగరం బదిలీ అయిందని, అదీ విదేశీ అప్పుతో నడిచే ప్రాజెక్టులో అకౌంట్స్ పనని తెలిసి చాలా సంతోషపడ్డాను. అమ్మగారి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఇక్కడ మావాళ్లంతా బాగానే ఉన్నారు.

ఫోన్లో నువ్వొక మాట అడిగావు. "మన ట్రెజరీ డబ్బయితే ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసువాళ్లు వస్తారు, ఆడిట్ అభ్యంతరాల పేరాలు రాస్తారు, అది తెలిసిన గొడవే. పది దేశాలు కలిపి పెట్టిన డబ్బుకి లెక్క అడిగేది ఎవర్రా?" అన్నావు. బస్సులో ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను. నా ఎల్.ఎల్.ఎం. వ్యాసం ఈ విషయం మీదే కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. పొడుగే అవుతుంది, ఓపిగ్గా చదువు.

ఈ రకం చట్టం బాగా ఎదిగింది యూరప్‌లోనే. యూరోపియన్ యూనియన్ 2021 నుంచి 2027 వరకు ఏడేళ్లకి వేసుకున్న బడ్జెట్, 2018 ధరల్లో చూసినా, లక్ష కోట్ల యూరోలు దాటింది. దానికి జవాబుదారీ బ్రస్సెల్స్‌లోని కమిషన్, అంటే ఆ యూనియన్‌కి ప్రభుత్వం లాంటిది. ఖర్చు మాత్రం చాలావరకు దాని చేతుల్లో లేదు. రైతుల సబ్సిడీలు, వెనకబడిన ప్రాంతాల రోడ్లు, ఉద్యోగ శిక్షణలు, ఇలా దాదాపు 70 శాతం డబ్బు సభ్యదేశాల ప్రభుత్వాల ద్వారానే పోతుంది. చుట్టుపక్కల ఊళ్లన్నీ చందాలేసి, జాతర ఖర్చంతా ఒక్క ఊరి పెద్దల చేతిలో పెడితే ఎలా ఉంటుందో అలాంటిదన్నమాట. పోతే పోయింది, మన ఒక్కరిదా అనుకోవడానికి ఆస్కారం ఎక్కువ. ఆ ధోరణిని ఎలా ఆపాలన్నదే అక్కడి చట్టానికి మొదటినుంచీ ఉన్న తలనొప్పి.

దీనికి ఒక మంచి కేసు ఉంది. 1986లో గ్రీసు నుంచి బెల్జియంకి రెండు విడతలుగా మొక్కజొన్న వెళ్లింది. కాగితాల మీద అది గ్రీసులో పండిన పంట. నిజానికి అది యుగోస్లావియాది, ఆ దేశం అప్పటి కూటమిలో (ఇప్పటి యూనియన్‌కి ముందున్నది) లేదు. బయటి పంట లోపలికొస్తే సుంకం కట్టాలి, ఆ సుంకం ఉమ్మడి ఖజానాకి చేరాలి. దొంగ కాగితాలతో అది ఎగ్గొట్టారు. గ్రీసు అధికారుల్లోనే కొందరి సహకారం ఉందని కమిషన్ తేల్చి, సుంకం వసూలు చేయండి, బాధ్యుల మీద కేసులు పెట్టండి అని ఆ ప్రభుత్వాన్ని కోరింది. వాళ్లు కదల్లేదు. విషయం యూరప్ కోర్టుకి వెళ్లింది. 1989 సెప్టెంబరు 21న తీర్పొచ్చింది. నీ దేశ చట్టాన్ని మీరినవాణ్ని ఎలా శిక్షిస్తావో, ఉమ్మడి చట్టాన్ని మీరినవాణ్ని కూడా అలాగే శిక్షించాలి, ఆ శిక్ష తప్పుకి తగినట్టూ, ఇంకొకడు భయపడేట్టూ ఉండాలి అన్నది దాని సారాంశం. తర్వాత ఈ సూత్రం యూనియన్‌ని ఏర్పాటుచేసిన మాస్ట్రిక్ట్ ఒప్పందంలోకి ఎక్కింది. ఇప్పటి ఒప్పందంలో 325వ అధికరణం అదే. సొంత డబ్బుని కాపాడుకోవడానికి ఏ చర్యలు తీసుకుంటారో, ఉమ్మడి డబ్బుకీ అవే తీసుకోవాలి. ఆ తీర్పు చదివినప్పుడు, నీ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉందిరా అనుకున్నాను. లెక్క అడిగే మొదటి బాధ్యత ఖర్చు పెట్టినవాడి ప్రభుత్వానిదే. అది అడగకపోతే ఆ ప్రభుత్వాన్నే కోర్టుకి ఈడ్చవచ్చు.

మిగతా సగం సంస్థలు. లక్సెంబర్గ్‌లో ఆడిటర్ల కోర్టు ఉంది. పేరుకే కోర్టు, తీర్పులివ్వదు, మన కాగ్ లాంటిది. అది ఏటా ఖర్చుల్లో తప్పుల శాతాన్ని అంచనా వేస్తుంది. 2 శాతం దాటితే చెప్పుకోదగ్గ తప్పుల కిందే లెక్క. 2022కి 4.2, 2023కి 5.6 శాతం వచ్చాయి. అక్కడా పేపర్లలో దీన్ని దోపిడీ అన్నట్టు రాసేస్తుంటారు, నాకు ఒళ్లు మండుతుంది. ఆ శాతంలో ఎక్కువ భాగం అర్హత లేని ఖర్చు, టెండరు నియమాలు పాటించకపోవడం, కాగితం దొరక్కపోవడం లాంటివి. మోసమని అనుమానం వచ్చినవాటిని వేరుగా దర్యాప్తుకి పంపిస్తారు. వోచరు పోగొట్టుకున్న గుమస్తానీ, సంతకం ఫోర్జరీ చేసినవాణ్నీ ఒకే గాటన కట్టకూడదని నీకు నేను చెప్పక్కర్లేదు.

కమిషన్ కూడా కడిగిన ముత్యమేమీ కాదు. 1996 లెక్కల్ని యూరప్ పార్లమెంటు ఆమోదించకపోవడంతో మొదలైన గొడవ, స్వతంత్ర నిపుణుల నివేదిక దాకా వెళ్లి, 1999 మార్చి 15 రాత్రి మొత్తం 20 మంది కమిషనర్లూ రాజీనామా చేశారు. ఆ ఏడాదే మోసాల్ని దర్యాప్తు చేసే ఓలాఫ్ అనే కార్యాలయం పెట్టారు. దానికి నివేదిక రాసే అధికారమే గానీ కేసు నడిపే అధికారం లేదు. ఆ లోటు తీర్చడానికి యూరప్ ప్రాసిక్యూటర్ కార్యాలయం 2021 జూన్ 1న పని మొదలుపెట్టింది. అప్పుడు 22 దేశాలు చేరాయి. హంగరీ చేరలేదు.

నేను నీకు అసలు చెప్పాలనుకున్నది ఈ హంగరీ విషయమే. ఒక దేశంలో కోర్టులు స్వతంత్రంగా లేకపోతే, టెండర్లు తమవాళ్లకే పోతుంటే, ఉమ్మడి డబ్బుకి రక్షణ ఏముంటుంది? అందుకని 2020 డిసెంబరులో కొత్త నిబంధన తెచ్చారు. చట్టబద్ధ పాలన దెబ్బతిని, దానివల్ల ఉమ్మడి బడ్జెట్‌కి ముప్పుంటే ఆ దేశానికి డబ్బు ఆపేయొచ్చు. హంగరీ, పోలండ్ దీన్ని సవాలు చేశాయి. 2022 ఫిబ్రవరి 16న కోర్టు రెండు పిటిషన్లూ కొట్టేసింది. ఆ డిసెంబరులో హంగరీకి దాదాపు 630 కోట్ల యూరోలు నిలిపేశారు. గడువు దాటిపోయి 2024 చివరికి అందులో 100 కోట్లకు పైగా పూర్తిగా చేజారింది.

డబ్బు ఆపడం సులువేరా. బాధ్యులైన పెద్దల జీతం ఒక్క పైసా తగ్గదు. రైతు సబ్సిడీ ఆగుతుంది, రోడ్డు సగంలో ఆగుతుంది. ఆ నిబంధన రాసినవాళ్లు ఇది ఆలోచించారు. పై నుంచి డబ్బు ఆగినా, అర్హులకి ఇవ్వాల్సింది ఆ దేశ ప్రభుత్వం ఇచ్చి తీరాలని 5వ అధికరణంలో రాశారు. ఇవ్వకపోతే అందాల్సినవాళ్లు కమిషన్‌కి తెలియజేసే వీలూ పెట్టారు. ఈ ఒక్క వాక్యం కోసమైనా ఆ నిబంధనకి దణ్ణం పెట్టొచ్చు అనిపించింది.

కానీ అమలులో ఏమైందో చూడు. ప్రభుత్వానికి దగ్గరి మనుషులతో నిండిన ట్రస్టులు నడిపే విశ్వవిద్యాలయాలతో కొత్త ఒప్పందాలు చేసుకోకూడదని కూడా అదే నిర్ణయంలో ఉంది. దాంతో అక్కడి విద్యార్థులకి, వేరే దేశంలో కొన్నాళ్లు చదువుకోవడానికి యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ స్కాలర్‌షిప్పులకి దారి మూసుకుపోయింది. కొత్త ఒప్పందమే లేకపోతే ప్రభుత్వం ఇవ్వాల్సిన బాకీ అంటూ పుట్టదు. అందుకే ప్రభుత్వం ఇచ్చి తీరాలన్న వాక్యం వాళ్లని కాపాడలేకపోయింది. హంగరీ తర్వాత సొంత ఖర్చుతో వేరే స్కాలర్‌షిప్ పెట్టిందనుకో, అయినా మధ్యలో నష్టపోయిన పిల్లల సంగతేంటి? ట్రస్టు బోర్డులో ఎవరు కూర్చోవాలో తేల్చింది ఆ పిల్లలు కాదు కదా. ఈ విషయంలో నా గైడు గారికీ నాకూ పడలేదు. ఒత్తిడి లేకపోతే ఏ ప్రభుత్వమూ కదలదంటారాయన. ఒత్తిడి ఉండాల్సిందే, అది ఎవరి నెత్తిన పడుతోందో లెక్కేసి మరీ పెట్టాలంటాను నేను. వ్యాసంలో కూడా అదే రాస్తున్నాను.

నీ సీటుకి దీనికీ సంబంధం లేదనుకోకు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక ప్రపంచ బ్యాంకు మన రాష్ట్రానికి 25 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది, గుర్తుందా? విశాఖలో కరెంటు తీగలు భూమిలోకి వెళ్లింది ఆ ప్రాజెక్టులోనే. ఏ పనికి అప్పిచ్చారో ఆ పనికే వాడాలన్నది ఆ బ్యాంకు మూల ఒప్పందంలోనే ఉన్న షరతు. సాధారణంగా రాష్ట్రం ముందు ఖర్చుపెట్టి లెక్క పంపిస్తుంది. అది ఢిల్లీలో కేంద్ర ఆర్థిక శాఖ కింద ఉన్న ఎయిడ్ అకౌంట్స్ విభాగం ద్వారా బ్యాంకుకి వెళ్తుంది. అర్హత లేని ఖర్చని తేలితే ఆ సొమ్ము వెనక్కి కట్టాలి.

అంటే నీ టేబుల్ మీద ఒక స్టేట్‌మెంట్ ఆలస్యమైతే తర్వాతి విడత ఆలస్యమవుతుంది. మా వీధిలో మేస్త్రీ ఒకాయన ఒక ప్రభుత్వ పనిలో యూసీ (డబ్బు దేనికి వాడారో చెప్పే ధ్రువపత్రం) వెళ్లలేదన్న కారణంతో బిల్లు రాక, కూలీలకి వడ్డీకి తెచ్చి ఇచ్చాడు. పనిలో లోపం లేదు, ఎం.బుక్‌లో, అదే పని కొలతల పుస్తకంలో, కొలతలూ సరిగ్గానే ఉన్నాయి. ఎక్కడో ఒక కాగితం కదల్లేదు, అంతే. ఆ వడ్డీ ఏ ఆడిట్ పేరాలోనూ కనపడదు.

అందుకని నాకోసం ఒక పని చెయ్యి. మీ ప్రాజెక్టు అప్పు ఒప్పందం కాపీ ఆఫీసులో ఉంటుంది. నిధులు నిలిపివేసే సందర్భాల గురించి రాసిన భాగం తీసి చూడు. అప్పటికే పని పూర్తిచేసినవాళ్లకి డబ్బు ఎవరివ్వాలో అందులో ఉందా, లేక మన ప్రభుత్వ జీవోల్లో ఎక్కడైనా ఉందా కనుక్కో. ఆ తేడా తెలిస్తే నా నాలుగో అధ్యాయానికి చాలా ఉపయోగం. బయటపెట్టకూడని కాగితమైతే వద్దు, నీ ఉద్యోగానికి టెన్షన్ తెచ్చుకోకు.

సిరిమానోత్సవానికి ఎలాగూ అక్కడికి వస్తాను, అప్పుడు మాట్లాడుకుందాం. ఈలోగా అధ్యాయం చిత్తుప్రతి పంపిస్తాను. లెక్కల గుమస్తా కంటితో చదివి, నేను ఎక్కడ గాల్లో మాట్లాడుతున్నానో ఎర్ర సిరాతో గీసి పంపు.

అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

నీ
రమణ