మా చెల్లి జుట్టు విషయంలో ఆదుకున్న వాళ్ళందరికీ

చాలా రోజుల్నుంచి రాద్దామనుకుంటున్నా, ఈరోజు కుదిరింది. మా చెల్లికి పేనుకొరుకుడు (జుట్టు బిళ్ళలు బిళ్ళలుగా ఊడిపోయే జబ్బు) వచ్చిన సంగతి దగ్గరోళ్ళకి తెలుసు, పేరు లేకుండా రాయి అన్నా అని తనే అంది. మదనపల్లెలో డిగ్రీ చదువుతోంది. మొదట చెవి వెనక రూపాయి బిళ్ళంత నున్నగా అయింది, తర్వాత నడినెత్తిన, తర్వాత ఒక కనుబొమ్మ. అమ్మ గురివింద గింజ అరగదీసి పట్టించింది, ఉల్లిపాయ రసం అయింది, చుట్టాల్లో ఒకరు బోరు నీళ్ళు అంటే ఇంకొకరు షాంపూ, ఎవరి థియరీ వాళ్ళది (గురివింద గింజ విషమండీ, దయచేసి పెట్టొద్దు). సగం తల కంటే ఎక్కువే ఊడిపోయాక బెంగళూరు తీసుకొచ్చేశా.

మా మారతహళ్ళి రూమ్ వాళ్ళకి ముందు థాంక్స్. అమ్మా చెల్లీ వస్తున్నారు అనగానే లోపలి గది ఖాళీ చేసి హాల్లో చాపలేసుకున్నారు, ఎన్నాళ్ళుంటారని ఒక్కడు కూడా అడగలా. పై పోర్షన్ కన్నడ ఆంటీ అయితే నాకు లీవు దొరకని రోజు తనే ఆసుపత్రికి తోడెళ్ళి, క్యూలో ఎవరో చెల్లి తల వైపు అదేపనిగా చూస్తుంటే "నమ్మ హుడుగి" (మా అమ్మాయి) అని అడ్డంగా నిలబడిందట, అమ్మ ఇప్పటికీ ఆ మాట తల్చుకుంటుంది.

స్కిన్ డాక్టర్ మేడమ్ మన కర్నూలు వైపు ఆవిడ. తల కంటే ముందు గోళ్ళు చూపించమ్మా అంది, గోళ్ళ మీద సన్న గుంటలున్నాయి, అది కూడా ఈ జబ్బులో కనిపిస్తుందంట. థైరాయిడ్ టెస్ట్ కూడా రాసింది, ఈ రెండూ కొంతమందిలో కలిసి వస్తాయని. ఓపీడీ రద్దీలో అంతకంటే చెప్పే టైమ్ ఆవిడకి లేదు, తప్పు పట్టను.

అసలు ఈ పోస్ట్ ఎవరి కోసమంటే ఇక్కడి సైన్స్ ఇన్‌స్టిట్యూట్ ఐఐఎస్‌సీలో పీహెచ్‌డీ చేస్తున్న అక్క కోసం, మా రూమ్మేట్ కజిన్. ఆదివారం మల్లేశ్వరం నుంచి బస్సులో వచ్చి, అమ్మ పక్కన కూర్చుని, రిపోర్ట్ కవర్ వెనక బొమ్మ గీసి మొత్తం చెప్పింది. మన ఒంట్లో దాదాపు ప్రతి కణం లోపల ఏముందో కొన్ని ప్రొటీన్ల ద్వారా పైన చూపిస్తుంది, టీ సెల్స్ అనే ఇమ్యూన్ కణాలు తిరుగుతూ వాటిని చెక్ చేస్తాయి. పెరుగుతున్న వెంట్రుక కుదురు మాత్రం ఆ ప్రొటీన్లని బాగా తగ్గించుకుని ఇమ్యూన్ సిస్టమ్ కంట పడకుండా ఉంటుంది. ఈ జబ్బులో ఆ చాటు పోతుంది, సీడీ8 అనే రకం టీ సెల్స్ కుదురు చుట్టూ చేరిపోతాయి, మైక్రోస్కోప్‌లో తేనెటీగలు ముసిరినట్టు ఉంటుందని డాక్టర్లే అంటారంట. అవి వదిలే ఇంటర్‌ఫెరాన్ గామా అనే సిగ్నల్‌కి కుదురు ఐఎల్-15 అనే ఇంకో సిగ్నల్ వదుల్తుంది, దానికి ఇంకా టీ సెల్స్ రెచ్చిపోతాయి, అలా తిరుగుతూనే ఉంటుంది. కానీ దాడి జరిగేది కుదురు అడుగున బల్బు దగ్గర, కొత్త జుట్టు పుట్టించే స్టెమ్ సెల్స్ ఉండేది కొంచెం పైన, అవి బతికే ఉంటాయి కాబట్టి జుట్టు మళ్ళీ రావచ్చు. అమ్మ ఇక్కడ ఏడ్చేసింది, నూనె సరిగ్గా పెట్టలేదు కాబట్టే ఇలా అయిందని అప్పటిదాకా తనని తానే తిట్టుకుంటోంది పాపం.

ఆ రెండు సిగ్నల్సూ సెల్ లోపల జాక్ అనే ఎంజైమ్‌ల మీదుగానే వెళ్తాయి, చెల్లి వాడే టాబ్లెట్ ఆపేది దాన్నే. కొలంబియా యూనివర్సిటీ ఏంజెలా క్రిస్టియానో టీమ్ 2014లో ఇది చూపించింది, అలాంటి మందు ఇచ్చిన ముగ్గురికి జుట్టు వచ్చింది, ఆమెకి కూడా ఇదే జబ్బు ఉందని విని చెల్లి ఫోన్‌లో ఆమె ఫోటో వెతికి చూసుకుంది. 2022లో ఆ రకం మందే అయిన బారిసిటినిబ్‌కి ఈ జబ్బు కోసం అమెరికాలో పర్మిషన్ వచ్చింది. అక్క ఇంకోటి కూడా దాచకుండా చెప్పింది, ఇది ఇమ్యూనిటీని తగ్గించే మందు, ముందు టీబీ, హెపటైటిస్ టెస్టులు తప్పనిసరి, ఆపితే మళ్ళీ రాలొచ్చు, డాక్టర్ లేకుండా మెడికల్ షాపులో కొనే సరుకు కాదు అని.

ఇంకా పెద్ద సాయం, చెల్లి హాస్టల్‌లో ఒకమ్మాయి అంటుకుంటుందేమో అని రూమ్ మార్చమందంట, చెల్లి రెండ్రోజులు సరిగ్గా తినలా. అక్క ఆ రూమ్ పిల్లలందరికీ స్పీకర్‌లో ఫోన్ చేసి, ఇది అంటేది కాదమ్మా, నూరు మందిలో దాదాపు ఇద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, రేపు మీలో ఎవరికైనా రావచ్చు అని నవ్వుతూనే చెప్పింది. ఇప్పుడు చెల్లికి స్కార్ఫ్ కట్టేది ఆ అమ్మాయే.

ప్రస్తుతం నడినెత్తిన జుట్టు వస్తోంది, ముందు తెల్లగా వచ్చింది, కంగారు పడ్డాం, మొదట్లో అలా వచ్చి తర్వాత రంగు పట్టడం మామూలే అన్నారు మేడమ్. చెవి వెనక ఇంకా రాలా, కనుబొమ్మ సగం. టాబ్లెట్, బ్లడ్ టెస్టులు నడుస్తున్నాయి. అక్కా, నువ్వు బస్ ఛార్జీ కూడా తీసుకోలా, అమ్మ నీకని నిమ్మకాయ ఊరగాయ పంపింది, ఈ శనివారం యశ్వంతపూర్ వైపు వస్తా, హాస్టల్‌లో ఉంటావా?