అమ్మా, ఆ రాళ్ళ గురించి టెన్షన్ పడకు

ఉప్సల, స్వీడన్,
నవంబరు 16

అమ్మకీ నాన్నకీ నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. ఇక్కడ మూడున్నరకే చీకటి పడిపోతోంది. యూనివర్సిటీ పని ఎప్పటిలాగే. రోజూ అన్నం వండుకుంటున్నాను, కందిపొడి ఇంకా ఉంది.

అమ్మా, మొన్న ఫోనులో "పాషాణం రాళ్ళతో నీకేం పనే" అని ఏడ్చావు. నేను విసుక్కుని పెట్టేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చెల్లి నీకు సగమే చెప్పింది. ఆ ఖనిజం పేరు సార్కినైట్. అందులో ఆర్సెనిక్, అంటే నువ్వన్న పాషాణం, ఉన్న మాట నిజమే, దాచను. కానీ అది మాంగనీసుతో, ఆక్సిజన్‌తో కలిసి స్ఫటికంలో గట్టిగా బిగుసుకుని ఉంటుంది. పొడి ఒంట్లోకి పోతే ప్రమాదం. నేను పొడి చెయ్యను, మైక్రోస్కోపు కింద చూస్తానంతే. గ్లౌజులు వేసుకుంటాను. చేతులు కడుక్కోకుండా మంచినీళ్ళు కూడా ముట్టను.

ఎంత బాగుంటుందో! మాంసం రంగు అని గ్రీకు మాటతో ఆ పేరు పెట్టారు. నాకైతే మన పెరట్లో ఎర్ర జామపండే గుర్తొస్తుంది. నీళ్ళ కంటే నాలుగు రెట్లు బరువు, అయినా చాకుతో గీస్తే గీత పడుతుంది. 1885లో ఈ దేశంలోనే ఫిలిప్‌స్టాడ్ అనే ఊరి దగ్గర హార్‌స్టిగెన్ గనిలో మొదట దొరికింది. తర్వాత ఇక్కడే లోంగ్‌బాన్ గనిలో, అమెరికాలో స్టెర్లింగ్ హిల్ గనిలో. ఎక్కడైనా కొంచెమే. మాంగనీసు ఖనిజం భూమి లోపలి వేడికి మారాక, ఆర్సెనిక్ కరిగిన వేడినీళ్ళు దాని పగుళ్ళలోకి చేరితే అక్కడ పేరుకుంటుంది.

నాన్నా, మన విజయనగరం మాంగనీసులో భాస్వరం ఎక్కువని, అందుకే రేటు రాదని అనేవారు కదా. భాస్వరం, ఆర్సెనిక్ ఒకే కుటుంబం. ఇదే అమరికలో ఆర్సెనిక్ బదులు భాస్వరం ఉంటే దాన్ని ట్రిప్లాయిడైట్ అంటారు. అది చదివిన రోజు మీకు వెంటనే చెప్పాలనిపించింది, అప్పటికి మీకు అర్ధరాత్రి.

పోయిన నెల లోంగ్‌బాన్ వెళ్ళాను. ఆ గని 1972లోనే మూసేశారు. పారబోసిన రాళ్ళ గుట్టల దగ్గర నిలబడితే, నాన్నా, మీరు గనిలో డ్యూటీ దిగి వచ్చినప్పటి నల్లటి చొక్కా గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ నా గురించి భయపడుతోంది కానీ, ముఖానికి గుడ్డ కూడా లేకుండా ముప్పై ఏళ్ళు ఆ దుమ్ము పీల్చింది మీరు. దగ్గు ఎలా ఉంది? ఎక్స్‌రే తీయించుకున్నారా? ఈసారి "బాగానే ఉంది" అనొద్దు, డాక్టరు ఏమన్నారో రాయండి.

బాబాయి వచ్చేటప్పుడు ఊరగాయతోపాటు, జాడీ మూత మీద పెట్టే నల్లరాయి లాంటిది చిన్నది ఒకటి పంపండి. నా టేబుల్ మీద పెట్టుకుంటాను.

మీ
పెద్దమ్మాయి