స్కీమ్ పేరు చెప్పి నాన్నని చేర్చుకుని ఇప్పుడు 72 వేలు బాకీ అంటున్నారు

మేనేజర్ గారికి,
వృద్ధుల కేర్ సెంటర్, మధురవాడ బ్రాంచ్, విశాఖపట్నం

విషయం: వయ వందన కార్డు మీద తగ్గిస్తామన్న డబ్బు మళ్ళీ మమ్మల్నే కట్టమనడం గురించి

నమస్తే అండి,

మా నాన్నగారికి 76 ఏళ్ళు, పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ అయ్యాక ఇంట్లో చూసుకునే వీల్లేక మీ దగ్గర చేర్చాం. ఆ రోజు అడ్మిషన్ కౌంటర్లో మీ మనిషి చాలా ధీమాగా చెప్పారు, నెలకి 42 వేలండి, కానీ 70 దాటినవాళ్ళకి కేంద్ర ప్రభుత్వ వైద్యం స్కీమ్, ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది కదా, దాని మీద 18 వేలు మేం క్లెయిమ్ చేసుకుంటాం, మీరు 24 కడితే చాలు అని. కార్డు జిరాక్స్ తీసుకుని దాని మీదే ఎర్ర పెన్నుతో "స్కీమ్ ఓకే" అని రాసి ఫైల్లో పెట్టారు. ఆ కాగితం ఫోటో నా ఫోన్లో ఉంది, దీంతో పాటు పంపుతున్నా.

ఇప్పుడు నాలుగు నెలలయ్యాక అకౌంట్స్ నుంచి ఫోన్, క్లెయిమ్ రాలేదు, 72 వేలు మీరే కట్టాలి, లేకపోతే ఫిజియోథెరపీ ఆపేస్తాం అని. మీ బిల్లు ఒకసారి మీరే తీసి చూడండి, డైపర్ల ప్యాకెట్ దగ్గర్నుంచి ఎయిర్ బెడ్ అద్దె దాకా రూపాయితో సహా లెక్క ఉంటుంది, కింద "ప్రభుత్వ స్కీమ్ - పెండింగ్" అన్న లైన్‌కి మాత్రం క్లెయిమ్ నంబరూ లేదు, తేదీ లేదు. అడిగితే "పైన ప్రాసెస్‌లో ఉందమ్మా" అంటారు. ఏ పైన అండీ?

నేను ఆయుష్మాన్ హెల్ప్‌లైన్ 14555 కి ఫోన్ చేసి కనుక్కున్నా. ఆ కార్డు 2024 అక్టోబర్లో మొదలైంది, 70 దాటితే ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం, అంతవరకు నిజమే. కానీ లిస్టులో ఉన్న ఆస్పత్రిలో అడ్మిట్ అయితేనే. చేరే ముందు 3 రోజులు, డిశ్చార్జ్ తర్వాత 15 రోజులు ఖర్చు చూస్తారు, అక్కడితో సరి. నెలల తరబడి మంచం మీదున్న మనిషికి తినిపించడం, పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం, వీటికి అందులో డబ్బులు రావు. పైగా మీది ఆస్పత్రే కాదు. మరి క్లెయిమ్ ఎవరికి పంపారు? పంపితే నంబర్ ఇవ్వండి, పంపకపోతే నాలుగు బిల్లుల్లో పెండింగ్ అని ఎందుకు రాశారో చెప్పండి.

మీ పాంప్లెట్ మీద "అమెరికా తరహా సీనియర్ కేర్" అని ఒకటి. మా చెల్లి న్యూజెర్సీలోనే ఉంటుంది, అక్కడ కూడా పెద్దవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, మెడికేర్ అనేది నర్సింగ్ హోమ్‌కి మహా అయితే 100 రోజులే చూస్తుందట, ఆ తర్వాత కూడా ఇచ్చేది తక్కువ ఆదాయం వాళ్ళకుండే మెడికెయిడ్ అనే ఇంకో ప్రభుత్వ స్కీమ్, అదీ ఆస్తులూ ఆదాయం అన్నీ చూశాకే. మన దగ్గర అలాంటిది లేదు. ఈ వ్యాపారంలో ఉండి మీకు తెలీదంటే నేను నమ్మను.

ముందే 42 అని తేల్చి చెప్పుంటే పెందుర్తి వైపు ఇంకాస్త తక్కువలో చూసుకునేవాళ్ళం, లేదా ఇంట్లోనే మనిషిని పెట్టుకునేవాళ్ళం. రాని స్కీమ్ గురించి అంత చెప్పినవాళ్ళు, పక్షవాతంతో మంచం పట్టినవాళ్ళకి రాష్ట్ర ప్రభుత్వం 2024 జూలై నుంచి ఇస్తున్న నెలకి 15 వేల పెన్షన్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. మాకు వస్తుందా రాదా అన్నది వేరే సంగతి, వార్డు సచివాలయంలో అడిగి చూడండమ్మా అంటే మీ సొమ్మేం పోయింది?

మీ ఆయమ్మల మీద మాత్రం నాకే కంప్లైంటూ లేదు, నాన్న వీపు మీద ఇంతవరకు ఒక్క పుండు లేదంటే వాళ్ళ పుణ్యమే, ఈ గొడవ వాళ్ళ మీదకి తోయకండి.

ఆ 72 వేలు బాకీ లేదని కాగితం మీద రాసివ్వాలి. ఫిజియోథెరపీ ఒక్క రోజు కూడా ఆగకూడదు. పాంప్లెట్ మీద ఆయుష్మాన్, రాష్ట్ర ప్రభుత్వ వైద్యం స్కీమ్ ఎన్టీఆర్ వైద్య సేవ పేర్లు తీసేయాలి, ఇంకో ఇల్లు ఇలాగే ఇరుక్కోకుండా. వారంలో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబర్‌లో కంప్లైంట్ పెట్టి, ఆ ఫోటో, నాలుగు బిల్లులు పట్టుకుని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం, తప్పుదారి పట్టించే ప్రకటనల మీద 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది కదా.

పెన్షన్ అప్లికేషన్‌కి నాన్న ఫిజియో రిపోర్టులు, డాక్టర్ రాసిన కాగితాలు కావాలి. శనివారం వస్తాను, కాపీలు తీయించి ఉంచండి.

ఇట్లు,
రెండో అంతస్తు పేషెంట్ గారి పెద్దమ్మాయి
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం