ముందు నడక, తర్వాతే కత్తి

సంపాదకులకు,

అపాచీ స్కౌట్ల (అమెరికా సైన్యానికి జాడ తీసి, దారి చూపిన అపాచీ అనే స్థానిక తెగవారు) పద్ధతిలో అడవిలో బతకడం, ఆత్మరక్షణ నేర్పే శిక్షణల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో ముప్పావు వంతు కత్తి తిప్పడానికే సరిపోయింది. బొమ్మలు కూడా కత్తివే. అమెరికా సైన్యం ఆ స్కౌట్లకు జీతమిచ్చింది వాళ్ల కళ్లు, కాళ్లు చూసి.

స్థానిక తెగలవారిని స్కౌట్లుగా చేర్చుకునేందుకు అమెరికా కాంగ్రెస్ 1866లో చట్టం చేసింది. జనరల్ జార్జ్ క్రుక్ 1871లో అరిజోనాలో అపాచీలను తీసుకోవడం మొదలుపెట్టాడు. ఆ రాళ్లగుట్టల్లో అపాచీ నడిచిన దారి మరో అపాచీ కంటికే ఆనుతుందని ఆయన లెక్క. 1872-73 చలికాలపు దాడుల్లో పనిచేసిన 10 మంది అపాచీ స్కౌట్లకు 1875లో అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చింది. 1886లో సైన్యానికి లొంగకుండా పోరాడుతున్న అపాచీ నాయకుడు జెరోనిమో కోసం సుమారు 5,000 మంది సైనికులు గాలించారు. చివరికి అతని మకాం దాకా వెళ్లి లొంగుబాటు కబురు చెప్పింది కయీటా, మార్టీన్ అనే ఇద్దరు చిరికావా (అపాచీల్లో ఒక శాఖ) స్కౌట్లు. ఆ ఇద్దరినీ కూడా మిగతా చిరికావాలతో పాటు ఖైదీలుగా ఫ్లోరిడా రైలెక్కించారు. ఈ సంగతి మీ వ్యాసంలో లేదు.

ఈరోజు అపాచీ పేరుతో నేర్పే కత్తి పాఠాలు చాలావరకు ఇటీవలి బోధకులు కూర్చుకున్నవి. నేర్చుకోవద్దని అనను, కానీ స్కౌట్ విద్య అక్కడ మొదలు కాదు. అపాచీ కుర్రాళ్ల శిక్షణలో పేరున్న అభ్యాసం ఒకటి ఉంది. నోటినిండా నీళ్లు పట్టి, మింగకుండా పరుగెత్తి వచ్చి, ఆ నీళ్లు ఉమ్మి చూపాలి. ముక్కుతో ఊపిరి తీయడం, దాహాన్ని ఓర్చుకోవడం రెండూ అందులోనే అలవడతాయి. ఇప్పటివాళ్లు చేయాలనుకుంటే చల్లని పొద్దుట, చదునైన నేల మీద, అరకిలోమీటరుతో మొదలుపెట్టాలి. ఎండలో చేస్తే వడదెబ్బే.

తర్వాత నడక. మోకాళ్లు కొద్దిగా వంచి, బరువంతా వెనక కాలి మీద ఉంచాలి. ముందు కాలిని ఈడ్చకుండా నిలువుగా ఎత్తి, చిటికెన వేలి వైపు అంచును మొదట నేలకు ఆనించి, మెల్లగా లోపలికి దొర్లించి, ఆ తర్వాతే మడమ దించాలి. కింద పుల్ల తగిలితే బరువు ఇంకా వెనకే ఉంది కాబట్టి కాలు తీసి మరోచోట పెట్టవచ్చు. మొదట్లో పది మీటర్లకు ఒక నిమిషం పట్టినా తొందరపడకూడదు. అందరూ చేసే తప్పు పాదాలకేసి చూడటం. తల వంచగానే చుట్టూ ఏం కదులుతోందో తెలియదు. రెండు చేతులూ పక్కలకు చాచి, వేళ్లు కదుపుతూ, ఎదుట ఒక చెట్టును చూస్తూనే ఆ కదలిక రెండు వైపులా కనబడే దాకా చేతులను ముందుకు తేవాలి. ఆ వెడల్పు చూపుతోనే నడవాలి. రాత్రయితే కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది. ఒక్కసారి ఫోను తెర చూస్తే ఆ అరగంటా పోయినట్టే.

జాడ తీయడానికి పొద్దున, సాయంత్రం వాలుటెండ మంచిది. అడుగుజాడ మీకూ సూర్యుడికీ మధ్యలో ఉండేలా నిలబడితే గుంట అంచుల నీడ తేలుతుంది. మిట్టమధ్యాహ్నం అదే జాడ మాయమవుతుంది. మీటరు పొడవు కర్రకు రెండు రబ్బరు బ్యాండ్లు తొడిగి, ఒక మడమ నుంచి తర్వాతి మడమకు ఉన్న దూరాన్ని వాటితో గుర్తు పెట్టుకోవాలి. జాడ తప్పితే ఆఖరి అడుగు దగ్గర కర్ర ఆనించి ముందుకు అర్ధచంద్రాకారంలో తిప్పితే తర్వాతి అడుగు పడాల్సిన చోటు తెలుస్తుంది. దొరక్కపోతే ఆఖరి అడుగుకు గుర్తు పెట్టి దాని చుట్టూ వలయంగా వెతకాలి. ఊహతో ముందుకు పరుగెత్తేవాళ్లు తమ చెప్పుల కిందే ఆనవాలు చెరిపేస్తారు. జాడ ఎంత పాతదో పోల్చుకోవడం పుస్తకంతో రాదు. ఒక పెట్టెలో అయిదు సెంటీమీటర్ల మందాన ఇసుక పరిచి, ఆరుబయట ఉంచి, ఆరు గంటలకొక పాదం ముద్ర వేస్తూ పక్కపక్కన పోల్చాలి. అంచు ఎప్పుడు విరిగింది, మంచు చుక్క ఎప్పుడు పడింది, పురుగు ఏ ముద్ర మీదుగా పాకింది అన్నవన్నీ అక్కడ కనబడతాయి.

నీళ్ల విషయంలో మీ వ్యాసం ప్రమాదకరమైన మాట రాసింది. పీపాలాంటి జెముడును కోసి నీళ్లు తాగవచ్చన్నారు. అందులో ఉండేది జిగురు గుజ్జు. తాగితే వాంతులు, విరేచనాలై ఒంట్లో ఉన్న నీరే పోతుంది. అరిజోనా ఎడారిలో కాటన్‌వుడ్, విల్లో చెట్లు పచ్చగా ఉన్నచోట, ఎండిన వాగు మలుపులో బయటి ఒడ్డు కింద చెలమ తవ్వాలి. మూరెడు లోతు వెళ్లినా ఇసుక చెమ్మగిల్లకపోతే ఆపేయడమే మేలు, వచ్చే నీటికంటే పోయే చెమటే ఎక్కువ. జులై నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వానాకాలం. ఎక్కడో కొండ మీద కురిసినా ఎండవాగు ఒక్కసారిగా పొంగుతుంది కాబట్టి వాగులో పడక వేయకూడదు. నీళ్లను తెర్లుతూ ఒక నిమిషం మరిగించాలి, 2,000 మీటర్లకు పైన అయితే మూడు నిమిషాలు. పాత గనుల కింద పారే నీటిలోని లోహాలు మరిగించినా పోవు. తిండి సంగతి ఒక్క ముక్క: మెస్కలెరో అనే అపాచీ శాఖకు ఆ పేరు తెచ్చిన కిత్తనార దుంపను పచ్చిగా కొరికితే నోరు మండిపోతుంది. కాల్చిన రాళ్ల గుంటలో పూడ్చి ఒకటి రెండు రోజులైనా మగ్గపెట్టాలి.

నిప్పుకు వాళ్లు వాడింది మన అరణి లాంటిదే. యుక్కా అనే ఎడారి మొక్క ఎండిన కాడ పుల్ల చిటికెన వేలి మందం, రెండడుగుల పొడవు ఉండాలి. కింది పలక బొటనవేలి మందం. పుల్ల తిప్పి చేసిన గుంటను ఎనిమిది పాళ్లు అనుకుంటే ఒక పాలు వెడల్పున, పలక అంచు నుంచి దాదాపు మధ్య దాకా గాడి కోయాలి. గాడి లోతు చాలకపోతే పొడి ఒకచోట చేరదు, నిప్పు కణిక పుట్టదు. పొడి నల్లగా రావాలి. లేత గోధుమ రంగులో వస్తే వేగం చాలలేదని అర్థం. పుల్ల చివర నున్నబడి కీచుమంటే చిటికెడు ఇసుక వేయాలి. తిప్పడం ఆపాక కూడా పొగ వస్తుంటే కణిక పడ్డట్టే. వెంటనే ఊదవద్దు, అరనిమిషం ఆగి, పీచు గూటిలోకి ఒంపాలి.

ఇక ఆత్మరక్షణ. అపరిచితుడు రెండు చేతుల దూరం లోపలికి వస్తుంటే అరచేతులు తెరిచి ఛాతీ ఎత్తున పెట్టి, ‘అక్కడే ఆగు’ అని గట్టిగా అనాలి. ఆలోగా బయటపడే దారి చూసుకుని ఉండాలి. మణికట్టు పట్టుకుంటే వెనక్కి గుంజకూడదు, ఆ గుంజులాటలో అవతలివాడి నాలుగు వేళ్ల బలంతో తలపడాల్సి వస్తుంది. అతని బొటనవేలూ చూపుడువేలూ కలిసేచోట సందు ఉంటుంది. మీ మణికట్టు సన్నటి అంచును అటు తిప్పి, మీ మోచేతిని అతని మోచేతి వైపు ఒక్కసారిగా నెడితే చెయ్యి జారిపోతుంది. విడిపించుకున్నాక నిలబడి కొట్లాడేవాళ్లే దెబ్బతింటారు, పరుగెత్తాలి. ఎదుటివాడి చేతిలో కత్తి ఉంటే మీ కత్తి విద్య ఎంతటిదైనా ఒంటికి గాటు పడకుండా బయటపడటం అరుదు.

ఇది చదివి అరిజోనా వెళ్లాలనుకునేవారికి ఇంకొక్క సంగతి. ఫోర్ట్ అపాచీ, శాన్ కార్లోస్ నేలలు అక్కడి తెగల ఏలుబడిలో ఉన్నాయి. నడవడానికైనా, గుడారం వేయడానికైనా ఆ తెగ ఇచ్చే అనుమతి పత్రం ముందుగా తీసుకోవాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు