వదిలేసిన కుక్కలకు శాశ్వత చోటెక్కడ?

సంపాదకుడు గారికి,

స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్ల దగ్గరి కుక్కలను షెల్టర్లకు తరలిస్తామని అధికారులు చెప్పిన వార్త మీ పత్రికలో వచ్చి చాలా రోజులైంది. ఎవరైనా అడుగుతారేమోనని చూశాను. ఎవరూ అడగలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. ఏ షెల్టర్లండీ? మన హైదరాబాద్‌లో ఉన్నవి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, నాలుగైదు రోజులు ఉంచుకుని పంపేసే కేంద్రాలు. బోన్లు కూడా ఆ లెక్కకే కట్టారు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు మామూలు కుక్కలను పట్టిన చోటే వదలమంది, నవంబరు 7న మాత్రం ఇలాంటి ఆవరణల్లో పట్టినవాటిని తిరిగి అక్కడ వదలొద్దంది. అంటే అవి బతికినన్నాళ్లూ ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. నాలుగు రోజుల బోనులో పదేళ్లు ఉంచుతారా?

ఇక ఎవరి లెక్కలోకీ రానివి పెంచి వదిలేసిన కుక్కలు. మా కాలనీలో ఒక ల్యాబ్రడార్‌ను గేటు బయట వదిలి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు, మెడకు బెల్టు కూడా తీయలేదు. ఏ తెల్ల కారు వచ్చినా లేచి పరిగెత్తేది. వీధికుక్కలు కరిచాయి, వాచ్‌మన్ కర్రతో తరిమాడు, ఇప్పుడు ఎవరైనా చెయ్యెత్తితే చాలు, ఉచ్చ పోసుకుంటుంది. పెంచుకుంటామని తీసుకెళ్లినవాళ్లు మీద పడుతోందని వెనక్కి తెచ్చేశారు. వాళ్లనూ తప్పుపట్టలేను, ఇంట్లో చిన్నపిల్లలున్నారు. మున్సిపల్ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఒకరు పెంపుడు కుక్క మా పరిధి కాదంటారు, ఇంకొకరు యజమాని వదిలేశాక అది వీధికుక్కే కదమ్మా అంటారు. పోనీ వదిలేసినవాళ్లకేమైనా శిక్ష ఉందా అంటే, జంతువులను హింసించకుండా చేసిన 1960 నాటి చట్టంలో మొదటిసారికి పది నుంచి యాభై రూపాయల జరిమానా! హెల్మెట్ మర్చిపోతే ఇంతకన్నా ఎక్కువ కట్టాలి. 2017 నిబంధనల ప్రకారం కుక్కల బ్రీడర్లు రిజిస్టర్ చేసుకోవాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. మన సిటీలో ఎవరైనా తనిఖీ చేయగా చూశారా? హస్కీలను ఈ ఎండల్లో అమ్ముతున్నారు, మోజు తీరాక ఔటర్ రింగ్ రోడ్డు మీద దింపేస్తున్నారు.

అంబర్‌పేటలో 2023 ఫిబ్రవరిలో కుక్కల దాడిలో పోయిన ఆ నాలుగేళ్ల పిల్లాణ్ని నేనూ మర్చిపోలేదు. కుక్కలంటే నీకు ప్రేమ, మనుషులంటే లేదా అని నన్ను తిట్టేవాళ్లకు ముందే చెబుతున్నా, చాలాసార్లు భయపెట్టి, కొట్టి, పస్తులుంచిన కుక్కే కరుస్తుంది. దాన్ని రోడ్డు మీద ఉంచమని నేను అనట్లేదు. ఆ మాటకొస్తే మాంసం కొట్ల వ్యర్థాలు నాలా పక్కన పారబోస్తుంటే చూసీచూడనట్టు పోయేదెవరు? చెత్త బండి రాదు, వీధిదీపం వెలగదు, ఫిర్యాదు పెడితే మాత్రం ‘పరిష్కరించబడినది’ అని మెసేజ్ టంచనుగా వస్తుంది. ఇక్కడ ఇదీ పరిస్థితి, అటు మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో 2024లో ఇరవై దాకా కుక్కలను తుపాకీతో కాల్చేశారు.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. తిరిగి వదలలేనివి, ఎవరూ పెంచుకోనివి, అంటే గుడ్డివి, కాలు పోయినవి, ముసలివి, మనిషిని చూస్తే వణికేవి, వీటికి ఊరి బయట చెట్ల నీడ, చుట్టూ కంచె, రోజూ అవే ముఖాలు కనిపించే పనివాళ్లు, వారానికి రెండుసార్లైనా వచ్చే పశువైద్యుడు ఉంటే చాలు. భయపడ్డ కుక్కకు మందుకన్నా ముందు కావాల్సింది మారని మనుషులు. మూడు నెలలకోసారి మారే కాంట్రాక్టు మనుషులతో అది జరగదు. కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటి పలికిన నగరంలో కుక్కలకు భూమా అని నవ్వుతారు, తెలుసు. కోకాపేటలో ఇవ్వమని ఎవరడిగారండీ? దిక్కులేని జంతువులను చూసే ఈ పనంతా 1992 నుంచి బ్లూ క్రాస్ లాంటి స్వచ్ఛంద సంస్థలు విరాళాల మీదే లాక్కొస్తున్నాయి. జంతుప్రేమికులున్నారుగా, వాళ్లు చూసుకుంటారులే అని ఎన్నాళ్లు వాళ్ల నెత్తిన వేస్తారు?

మీ విలేకరి మళ్లీ ఆ అధికారుల దగ్గరికి వెళ్తే ఒక్కటి అడగమనండి. ఆసుపత్రి ఆవరణలో పట్టిన కుక్కకు వచ్చే ఏడాది ఇదే రోజున అన్నం పెట్టేదెవరు, ఆ డబ్బు బడ్జెట్‌లో ఏ పద్దు కింద రాశారు?

– ఒక పాఠకురాలు, అల్వాల్, సికింద్రాబాద్