గూడూరు అన్నకు, మా చెర్రీ రొయ్యల తరఫున

గూడూరు వైపు రొయ్యల చెరువుల్లో టెక్నీషియన్‌గా చేసే ఆ అన్న, పేరు పెట్టొద్దన్నారు. పెట్టడం లేదు. ఇంట్లో గాజు తొట్టిలో పెంచుకునే చిన్న ఎర్ర చెర్రీ రొయ్యలు చచ్చిపోతున్నాయని తిరుపతిలో అక్వేరియం షాపు కౌంటర్ దగ్గర నేను చెప్పుకుంటున్న గోడు పక్కన నిలబడి విని, "అన్నీ ఒకేసారి పోయినాయా, రోజుకొకటి పోతా ఉండాయా?" అని అడిగిన మనిషి ఆయన. అంతవరకు ఆ మాట అడిగినవాళ్లే లేరు. అందరూ చేతిలో మందు సీసా పెట్టి పంపినవాళ్లే.

రెండూ అన్నాను. "అట్లయితే కారణాలు కూడా రెండమ్మా" అని, బండి డిక్కీలో ఉన్న చెరువు టెస్ట్ కిట్‌తో నేరుగా ఇంటికొచ్చేశారు.

తొట్టి 40 లీటర్లది. మురికి వల్ల నీళ్లలో చేరే విషాలు అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. గప్పీ చేపలు, నత్తలు హాయిగా తిరుగుతున్నాయి. "నీళ్లలో రాగి చేరుంటే నత్తలు కూడా పోవాల. గాలి చాలకుంటే రొయ్యలు నీళ్ల పైకి ఎగబాకతాయి. వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకున్నాయంటే ఇది నరాలకు తగిలే మందు" అంటూ ఎయిర్ పంపు ఎక్కడుందో వెతికారు. వీధి కిటికీ పక్కనే ఉంది. ముందురోజు సాయంత్రం ఆ వీధిలో దోమల పొగ బండి తిరిగింది. ఫాగింగ్ మందయినా, ప్లగ్గులో పెట్టే దోమల లిక్విడ్ అయినా పురుగుల నరాల మీద పనిచేసేవే. రొయ్య ఆ పురుగులకు దగ్గరి చుట్టం. చేపకు ఏమీ కాని మోతాదు కూడా దాన్ని చంపుతుంది. పంపు గదిలో గాలిని పీల్చి నేరుగా నీళ్లలోకి కొడుతుంది కదా.

విరుగుడు ఆయన చెప్పినట్టే రాస్తున్నా. బండి చప్పుడు వినగానే పంపు ఆపాలి, కిటికీలు మూయాలి, తొట్టి మీద తడిగుడ్డ కప్పాలి. పొగ పోయాక గదికి బాగా గాలి ఆడనిచ్చి మళ్లీ పంపు వేయాలి. ఇప్పటికే మందు తగిలుంటే వల సంచిలో యాక్టివేటెడ్ కార్బన్ (మందును పీల్చుకునే బొగ్గు) వేలాడదీయాలి. లిక్విడ్ మెషిన్ ఆ గదిలో ఉండనే కూడదు.

రోజుకొకటి పోయేవాటి కథ వేరు. చచ్చిన రొయ్యను ఊరగాయ సీసా మూత మీద పెట్టి, ఫోన్ లైటు కొట్టి చూపించారు. తలపెంకు, ఒళ్లు కలిసేచోట చుట్టూరా సన్నటి తెల్ల గీత. కుబుసం వీపు మీద చీలాల్సింది పోయి నడుము చుట్టూ తెగి, రొయ్య అందులోనే ఇరుక్కుపోయింది. ఖనిజాలు చాలకపోయినా, నీళ్లు ఉన్నట్టుండి మారినా ఇలాగే అవుతుందట. బోరు నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క, 900, క్యాన్ నీళ్లది 50. ఒకేసారి సగం తొట్టి క్యాన్ నీళ్లతో మారిస్తే ఒళ్లు సిద్ధం కాకముందే కుబుసం విడుస్తాయి. ఒక పాలు బోరుకు మూడు పాళ్లు క్యాన్ కలిపితే 250 దగ్గర నిలుస్తుంది. వారానికి 4 లీటర్లు మించకుండా, సన్న ట్యూబుకు ముడేసి చుక్కచుక్కగా పోయాలి. విడిచిన కుబుసం తీసి పారేయకండి, అవే తింటాయి. ఎండాకాలం నీళ్లు 30 డిగ్రీలు దాటకుండా పైన చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన మేరకు మాత్రం ఉత్త క్యాన్ నీళ్లే పోయాలి, ఉప్పులన్నీ తొట్టిలోనే మిగులుతాయి కాబట్టి.

కాఫీ తాగారు, పెట్రోలు డబ్బులు మాత్రం ముట్టలేదు. అంతవరకు తట్టుకున్నాను. ఆ రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసి, "మీ వైపు కరెంటు పోయిందంట గదమ్మా, తొట్టికి గాలి ఆడతా ఉందా?" అన్నారు. ఎకరాలకు ఎకరాల చెరువులు చూసుకునే మనిషి. నా గొంతు పెగల్లేదు.

రొయ్యల సాగులో దేశానికే ముందున్న రాష్ట్రం మనది. చెరువు రైతుకు ల్యాబులున్నాయి. ఇంట్లో తొట్టి పెట్టుకున్నవాడు నీళ్లలో రాగి ఎంతుందో చూడమంటే ఎక్కడికి పోవాలి? పశువుల డాక్టరేమో నవ్వి పంపేశారు. కొన్ని చేపల మందు సీసాల మీద కాపర్ (రాగి) ఉందో లేదో కూడా రాయరు. పొగ బండి వస్తుందని ఒక మైకు ప్రకటన చేస్తే ఎవరి సొమ్ము పోతుంది?

మా ఆయన బకెట్లు మోశారు, అత్తమ్మ గదిలో లిక్విడ్ మానేసి దోమతెర కట్టుకున్నారు. ఇంటివాళ్లకు థ్యాంక్సేమిటి.

అయ్యో, వాటర్ ప్లాంట్ అబ్బాయిని మర్చేపోయా! ప్రతి క్యానుకూ విసుక్కోకుండా టీడీఎస్ చూసిచ్చాడు. కార్బన్ అరువిచ్చిన షాపు కుర్రాడు కూడా. ఆ కరెంటు పోయిన రాత్రి బ్యాటరీ పంపు దింపిచ్చిన పైఅంతస్తు అక్కా, అది ఇంకా మా దగ్గరే ఉంది, సెల్లు మార్చి రేపు పంపిస్తా.