వచ్చే నెల నుంచి స్ఫింక్స్ పిల్లులకు మన షాపులో కొత్త పద్ధతి

బరంపురం కస్టమర్లకూ, ఇచ్ఛాపురం నుంచి వచ్చేవాళ్లకూ నమస్కారం. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి స్ఫింక్స్ పిల్లి స్నానానికి 600 కాదు, 850 తీసుకుంటాం. పర్షియన్‌కి పాత రేటే. ‘బొచ్చే లేని పిల్లికి ఎక్కువ రేటేంటండీ’ అని చాలామంది కౌంటర్ దగ్గర అడుగుతున్నారు. లెక్క ఇదీ.

మామూలు పిల్లి తోలు మీద ఊరే జిడ్డు బొచ్చుకు పట్టి, అది నాక్కున్నప్పుడు పోతుంది. స్ఫింక్స్‌కి పట్టేందుకు బొచ్చు లేదు కాబట్టి జిడ్డు తోలు మీదే ఉండిపోతుంది. దానికి మన ఊరి ఉక్కపోత, దుమ్ము తోడైతే వారం తిరిగేసరికి మెడ మడతల్లో, చంకల్లో, తోక మొదట్లో గోధుమరంగు పొర కడుతుంది. దాన్ని వదిలేస్తే మలసీజియా అనే ఈస్ట్ పెరిగి దురద, పుల్లటి వాసన, ఎర్ర మచ్చలు వస్తాయి.

నీళ్లు 37–38 డిగ్రీలుండాలి. పిల్లులకని రాసి ఉన్న, సువాసన లేని షాంపూ లేబుల్ మీద చెప్పినంతే కలిపి, మెత్తటి గుడ్డతో రాసి, కొద్ది నిమిషాలు ఆగి కడుగుతాం. పని ఎక్కువగా చెడేది షాంపూ కడిగేసే దగ్గరే. మడత విప్పి లోపల నీళ్లు పోయకపోతే షాంపూ అక్కడే మిగిలి, రెండో రోజుకల్లా పిల్లి గోక్కోవడం మొదలెడుతుంది. తర్వాత గోళ్లు. వేలిని మెల్లగా నొక్కి గోరు బయటికి వచ్చాక, మొదట్లో ఉన్న నల్లటి జిడ్డును తడి గుడ్డతో ఒక్కొక్కటిగా తీయాలి. పద్దెనిమిది గోళ్లు. ఈ పనికే సగం టైం పోతుంది, రేటు పెరిగింది అందుకే.

చెవి గులిమి కూడా ఈ జాతికి ఎక్కువే. ముదురు రంగులో ఉంటుంది కాబట్టి చూడగానే చెవి పురుగు అనుకుని మందు వేసేస్తుంటారు. డాక్టరు మైక్రోస్కోప్‌లో చూడకుండా వేయొద్దు. ఇంట్లో వారానికోసారి పిల్లుల క్లీనర్‌తో తడిపిన దూదితో కనిపించినంత మేర తుడవండి, ఇయర్ బడ్ లోపలికి పెట్టొద్దు. స్నానం ఏడు నుంచి పది రోజులకోసారి చాలు. అంతకంటే తరచూ పోస్తే తోలు ఎండి పొట్టు రాలుతుంది.

కొబ్బరి నూనె రాయకండి, ఉన్న జిడ్డే ఎక్కువ. స్నానం నీళ్లలో డెట్టాల్ అసలే వద్దు. అందులోని క్లోరోక్సిలెనాల్‌ను పిల్లి కాలేయం విరిచేయలేదు, పైగా ఒళ్లు నాక్కుంటుంది కాబట్టి అది లోపలికి పోతుంది. కుక్కల పేలకు వేసే పర్మెత్రిన్ చుక్కలూ, మన జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ కూడా పిల్లి ప్రాణం తీస్తాయి. ఎండలో పడుకుంటే తోలు కాలుతుంది, కిటికీ పక్కనైనా అంతే. ఇంకో మాట. ఎలర్జీ ఉంది కాబట్టి బొచ్చు లేని పిల్లి కొంటామంటున్నారు. ఎలర్జీ తెప్పించే ప్రోటీన్ లాలాజలంలోనూ తోలు గ్రంథుల్లోనూ ఉంటుంది. కొనే ముందు స్ఫింక్స్ ఉన్న ఇంట్లో నాలుగైదుసార్లు కూర్చుని చూడండి.

అసలు ఖర్చు గుండె దగ్గర వస్తుంది. ఈ జాతికి హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ, అంటే గుండె కండరం మందమయ్యే జబ్బు, ఎక్కువ. స్టెతస్కోప్‌లో ఏమీ వినపడకపోయినా జబ్బు ఉండొచ్చు, ఎకో స్కాన్‌లోనే, అంటే గుండెకు తీసే అల్ట్రాసౌండ్‌లోనే తేలుతుంది. గుండె ఎడమ కింది గది (జఠరిక) గోడ 6 మిల్లీమీటర్లు దాటితే డాక్టర్లు జబ్బుగానే చూస్తారు. ఈ ఏడాది బాగుందంటే వచ్చే ఏడాదికి హామీ కాదు, ఏటా తీయించాలి. పిల్లి నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్ని ఊపిరులో లెక్కపెట్టండి. తరచూ 30 దాటుతుంటే డాక్టరుకు చెప్పండి. నోరు తెరిచి రొప్పినా, వెనక కాళ్లు ఒక్కసారిగా పడిపోయి చల్లబడినా తెల్లారే దాకా ఆగొద్దు. తల్లిదండ్రుల ఎకో రిపోర్టు చూపించని బ్రీడర్ నుంచి ఇకపై మేం పిల్లి పిల్లల్ని తేం. దానివల్ల బుకింగులు తగ్గుతాయని తెలుసు.

ఇన్సూరెన్స్ గురించి. మన దేశంలో కుక్కలకున్నన్ని పాలసీలు పిల్లులకు లేవు. ఉన్నవాటిలోనూ ‘వంశపారంపర్య జబ్బులు’ మినహాయించిన క్లాజు ఉందేమో ముందు చూడండి. ఉంటే స్ఫింక్స్ గుండె జబ్బుకు పైసా రాకపోవచ్చు. ఏజెంటు నోటిమాట వద్దు, ‘ఈ జాతికి ఈ జబ్బు కవర్ అవుతుందా’ అని ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. పాలసీ పిల్ల వయసులోనే, ఏ జబ్బూ బయటపడక ముందు తీసుకోవాలి. బయటపడ్డాక దాచి తీసుకుంటే క్లెయిం అప్పుడు పాత రిపోర్టే మీకు అడ్డుపడుతుంది. స్నానాలు, టీకాలు, ఆపరేషన్ చేయించి పిల్లలు పుట్టకుండా చేయడం మామూలుగా కవర్ కావు.

ఫారంలో జాతి దగ్గర ‘స్ఫింక్స్’ అనే రాయండి. తోలు కింద పెట్టించిన మైక్రోచిప్ నంబరు 15 అంకెలూ సరిచూసుకోండి. తోలు మచ్చలే దీనికి గుర్తు కాబట్టి రెండు పక్కలా, పొట్టవైపూ ఫొటోలు తీయండి. మన తెలుగువాళ్లకు ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఆధార్‌లో మీ ఇంటిపేరు ముందు, ఒడియా పద్ధతిలో రాసే డాక్టరు చీటీలో చివర. టీకా పుస్తకం, బిల్లు, పాలసీ మూడింట్లోనూ పేరు ఒకేలా రాయించండి. రసీదు మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో అక్కడే చూసుకోండి. క్లెయిం అన్యాయంగా తిప్పికొడితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలోగా తేలకపోతే భువనేశ్వర్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారి ఆఫీసు ఉంది. కొందరు అడుగుతున్నారు కాబట్టి నేరుగానే చెబుతున్నాం, టీకా తేదీ గానీ బిల్లు తేదీ గానీ వెనక్కి వేసి ఇవ్వం. ఎంత పాత కస్టమరైనా సరే.

బోర్డింగ్‌లో, అంటే మీరు ఊరెళ్లినప్పుడు పిల్లిని మా దగ్గర ఉంచుకునే చోట, స్ఫింక్స్‌ల గది ఏసీ 26 దగ్గర ఉంటుంది, కప్పుకోవడానికి దుప్పటి కూడా. మా ఇన్వర్టర్ ఫ్యాన్లనే లాగుతుంది, ఏసీని కాదు. 2013లో ఫైలిన్ తుఫాను తర్వాత ఇక్కడ ఎన్ని రోజులు కరెంటు లేదో మీకు తెలిసిందే. అక్టోబరు, నవంబరులో తుఫాను హెచ్చరిక ఉంటే స్ఫింక్స్‌ను తీసుకోం. కట్టిన అడ్వాన్సు పూర్తిగా వెనక్కిస్తాం. మిగతా రోజుల్లో దించడానికి వచ్చేటప్పుడు టీకా పుస్తకం, ఏడాదిలోపు ఎకో రిపోర్టు, పిల్లి అలవాటుగా తినే తిండి, దానికి తొడగడానికి రోజుకొకటి చొప్పున ఉతికిన కాటన్ చొక్కాలు తీసుకురండి. జిడ్డు పట్టిన చొక్కా మర్నాడు మళ్లీ తొడగం.